ధనవంతుడికి గది లేని నరకం

దాదాపు 300 డాలర్లు కడితే నరకం కట్టడానికి కావలసినవన్నీ ఒక పెట్టెలో వచ్చేవి. ఏ గదిలో ఎవరు ఏం మాట్లాడాలో రాసిన స్క్రిప్టు, అంతకుముందు ఆడిన ప్రదర్శన వీడియో, నరకం గదిలో వినిపించాల్సిన చప్పుళ్ల సీడీ, వీటన్నింటినీ ఎలా వాడుకోవాలో చెప్పే మాన్యువల్. అమెరికాలో డెన్వర్ నగరం పక్కనున్న ఆర్వాడాలో పాస్టర్‌గా పనిచేసిన కీనన్ రాబర్ట్స్ 1990ల నుంచి ఈ కిట్‌ను మిగతా చర్చిలకు అమ్ముతూ వచ్చారు. అబార్షన్ సన్నివేశానికి ఎలాంటి మాంసం కొనుక్కోవాలో కూడా మాన్యువల్‌లో ఉంది. చూసేవాళ్లకు పసిబిడ్డ శరీరం ముక్కల్లా కనిపించేది ఎంచుకోమని సూచన.

ఈ ప్రదర్శనలకు హెల్ హౌస్ అని పేరు. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్‌కు ముందు అమెరికాలో ఊరూరా దయ్యాల కొంపలు వెలుస్తాయి. మన ఎగ్జిబిషన్లలో జైంట్ వీల్ పక్కన భూత్ బంగ్లా ఉంటుందే, ఆ తరహావే. టికెట్ కొనుక్కుని చీకట్లోకి వెళ్తాం, ఎవరో మీదికి దూకుతారు, కెవ్వుమని అరిచి, నవ్వుకుంటూ బయటికొస్తాం. హెల్ హౌస్ కూడా బయటినుంచి చూస్తే ఇలాగే ఉంటుంది. టికెట్, క్యూ, పొగ, చీకటి, ఏదీ తక్కువ కాదు. లోపల గదికొక పాపం, ఆ పాపానికి పడే శిక్ష చూపిస్తారు. కట్టేది చర్చి, ఆడేది ఆ చర్చి యూత్ గ్రూప్ పిల్లలు.

ముసుగు తొడుక్కున్న దయ్యం వేషధారి ఒకడు గుంపును గది నుంచి గదికి తీసుకెళ్తాడు. తాగి కారు నడిపి సొంత కుటుంబాన్ని చంపుకున్న మనిషి ఒక గదిలో కనిపిస్తాడు. ఇంకో గదిలో ఆస్పత్రి మంచం, తెల్లటి దుప్పటి మీద పరుచుకుంటున్న రక్తం, అబార్షన్ చేయించుకుంటూ ఏడుస్తున్న అమ్మాయి. తర్వాత ఎయిడ్స్‌తో చనిపోతున్న గే యువకుడు. ఆ తర్వాత ఆత్మహత్య. ప్రతి గదిలోనూ దయ్యాలు పక్కనే నిలబడి నవ్వుతూ, ఉసిగొల్పుతూ ఉంటాయి. ఆఖరికి గుంపును నరకంలోకి తోస్తారు. అక్కడ ఉక్కపోత, మిరుమిట్లు గొలిపే లైట్లు, అరుపులు. ఇంతకుముందు గదుల్లో చూసిన మనుషులే ఇప్పుడు చేతులు చాచి బతిమాలుతుంటారు. ఆ పక్క తలుపు తీస్తే ఒక్కసారిగా చల్లదనం, తెల్లటి వెలుగు, ఏసు వేషంలో ఒక మనిషి. దాని తర్వాతిది ప్రార్థన గది. అక్కడ వాలంటీర్లు ఒక్కొక్కరి దగ్గరకూ వచ్చి, ఈ రాత్రి చనిపోతే ఎక్కడికి వెళ్తావని అడుగుతారు. సరే అన్నవాళ్లతో ప్రార్థన చేయించి, పేరు రాసుకుంటారు. చర్చివాళ్ల భాషలో దీన్ని 'నిర్ణయం' అంటారు. సీజన్ అయ్యాక లెక్క చూసుకునేది ఈ నిర్ణయాలనే.

ఈ పద్ధతి మొదలైంది 1972లో. వర్జీనియా రాష్ట్రం లించ్‌బర్గ్‌లో జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టర్ అంతకు ముందు ఏడాదే పెట్టిన బాప్టిస్ట్ కాలేజీ, అంటే ఇప్పటి లిబర్టీ యూనివర్సిటీ, విద్యార్థులతో 'స్కేర్‌మేర్' అనే ప్రదర్శన నడిపింది. అప్పటికి డిస్నీల్యాండ్‌లో హాంటెడ్ మాన్షన్ వచ్చి మూడేళ్లయింది. డబ్బు పెట్టి భయం కొనుక్కునే అలవాటు అమెరికా పట్టణాల్లో పెరుగుతున్న రోజులవి. సంప్రదాయ క్రైస్తవులకు హాలోవీన్ అంటే అనుమానం. దయ్యాల పండగకు మన పిల్లల్ని పంపడమేంటి అని ఒకవైపు, పంపకపోతే క్లాసులో వాళ్లు ఒంటరివాళ్లవుతారని ఇంకోవైపు. ఈ ఇబ్బందికి దొరికిన దారే ఇది. భయం ఎలాగూ కావాలనుకుంటున్నారు కాబట్టి ఆ భయాన్నే సువార్తకు వాడుకుందాం అనుకున్నారు. స్కేర్‌మేర్‌లో ఎక్కువగా కనిపించేది చావు. మనిషి ఎప్పుడైనా పోవచ్చు, తర్వాత ఏంటి అన్నదే అక్కడి ప్రశ్న. గదికొక పాపం చొప్పున చూపించే పద్ధతి 1990లలో జోరందుకుంది. డాలస్ దగ్గర సీడర్ హిల్‌లోని ట్రినిటీ చర్చి దీనితో దేశమంతా పేరు తెచ్చుకుంది. ఒక్కో అక్టోబరులో అక్కడికి 10,000 మందికి పైగా వచ్చేవారు. 2001లో ఆ చర్చి మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

నరకాన్ని కళ్లకు కట్టి మనిషిని మార్చాలన్న ఆలోచన మాత్రం ఏ ఒక్కరి సొత్తూ కాదు. 1741 జూలై 8న కనెక్టికట్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో జోనథన్ ఎడ్వర్డ్స్ చేసిన ప్రసంగంలో, మంట మీద సాలీడును పట్టుకున్నట్టు దేవుడు పాపిని నరకం మీద పట్టుకుని ఉన్నాడనే పోలిక ఉంది. జనం ఏడుపులకు ఆయన ప్రసంగం పూర్తి చేయలేకపోయాడని చెబుతారు. మన దగ్గర యమపటాలు ఉండేవి. పాపాలూ శిక్షలూ బొమ్మలుగా గీసిన గుడ్డను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కథ చెప్పేవారు. ముద్రారాక్షసం అనే సంస్కృత నాటకంలో చాణక్యుడి గూఢచారి వేసుకున్నది ఆ వేషమే. ఎవరి గడపా అనుమానించని వేషం కనుకే దాన్ని ఎంచుకున్నాడు. ఇంట్లో మనిషి పోయిన రోజుల్లో గరుడపురాణం చదివించుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. సలసల కాగే నూనె, ముళ్ల చెట్టు, వైతరణి, ఇవి వినకుండా పెరిగిన తెలుగువాళ్లు తక్కువ.

కాబట్టి భయపెట్టడం ఒక్కటే చూసి హెల్ హౌస్‌ను వింతగా చెప్పుకోవడం సరికాదు. అసలు చూడాల్సింది ఆ గదుల జాబితా. నరకంలో ఏ పాపానికి గది కేటాయించారు, దేనికి కేటాయించలేదు అన్నది చూస్తే, దాన్ని కట్టినవాళ్లు దేనికి భయపడుతున్నారో తెలుస్తుంది.

భాగవతం పంచమ స్కంధంలో 28 నరకాల వివరం ఉంది. అతిథులకు పెట్టకుండా తానొక్కడే తినేవాడికి క్రిమిభోజనం. నేరం చేయనివాణ్ణి శిక్షించిన రాజుకు సూకరముఖం. డబ్బుందన్న గర్వంతో అందరినీ అనుమానిస్తూ, కూడబెట్టిన సొమ్ముకు భూతంలా కాపలా కాసేవాడికి సూచీముఖం. అక్కడ యమభటులు వాడి ఒళ్లంతా సూదీ దారంతో కుడతారు. వర్ణాన్ని బట్టి తేడా చూపించే శిక్షలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. రాసినవాళ్లు ఏ సమాజంలో ఉండి రాశారో, ఆ సమాజంలో వాళ్ల చోటు ఎక్కడో కూడా అందులోనే కనిపిస్తుంది. ఇంగ్లండులో మధ్యయుగాల చర్చి గోడల మీద గీసిన తీర్పుదినం బొమ్మల్లో నరకానికి పోయేవాళ్ల మధ్య కిరీటాలు పెట్టుకున్న రాజులూ, బిషప్పులూ కనిపిస్తారు. చెస్టర్ పట్టణంలో వీధుల్లో ఆడిన బైబిల్ నాటకాల్లో, క్రీస్తు వచ్చి నరకాన్ని ఖాళీ చేశాక కూడా ఒకావిడ అక్కడే మిగిలిపోతుంది. ఆమె చేసిన తప్పు మద్యం దుకాణంలో కొలతలు మోసం చేయడం. ఊళ్లో అందరికీ తెలిసిన తప్పు, అందరి జేబుకూ తగిలిన తప్పు.

యార్క్ పట్టణం ఉదాహరణ ఇంకా చెప్పుకోదగ్గది. అక్కడ తీర్పుదినం నాటకం ఖర్చు భరించింది పెద్ద వర్తకుల సంఘం. 1433లో వాళ్లు రాసుకున్న సామాను జాబితాలో నరకం నోరు కూడా ఉంది. తెరిచిన మృగం నోటిలా కట్టిన తెర అది. ఆ నాటకంలో దేవుడు వేసే ప్రశ్నలు మత్తయి సువార్త 25వ అధ్యాయంలోవి. నేను ఆకలిగా ఉన్నప్పుడు అన్నం పెట్టావా, బట్టలేనప్పుడు బట్ట ఇచ్చావా, చెరలో ఉంటే చూడటానికి వచ్చావా? ఆ ఊళ్లో అందరికన్నా డబ్బున్నవాళ్లు, తమనే నిలదీసే ప్రశ్నలను తమ ఖర్చుతో వీధిలో అడిగించారు.

హెల్ హౌస్ గదుల్లో ఈ ప్రశ్న వినిపించదు. అబార్షన్, స్వలింగ సంపర్కం, పెళ్లికి ముందు శృంగారం, మత్తు, క్షుద్రపూజ, ఆత్మహత్య, వీటి చుట్టూనే జాబితా తిరుగుతుంది. కూలి ఎగ్గొట్టిన యజమాని గానీ, అప్పు పేరుతో ఇళ్లు లాక్కున్నవాడు గానీ, వేరే రంగు మనిషిని చర్చి గడప తొక్కనీయనివాడు గానీ ఈ నరకంలో ఎదురుకారు. ఈ జాబితా అమెరికా రాజకీయాల్లోంచి వచ్చింది. 1973లో అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్‌ను హక్కుగా గుర్తించింది. 1979లో ఫాల్వెల్ 'మోరల్ మెజారిటీ' అనే సంస్థ పెట్టి సంప్రదాయ క్రైస్తవులను ఒక ఓటు బ్యాంకుగా కూడగట్టారు. ఆ ఉద్యమం ముందుకు తెచ్చిన అంశాలే పదేళ్ల తర్వాత నరకంలో గదులయ్యాయి. ప్లైవుడ్ గోడల మధ్య ఆడిన ఎన్నికల మేనిఫెస్టో అది.

బైబిల్లో నరకం మంటల్లో మాట్లాడే మనిషిని చూపించే కథ లూకా సువార్త 16వ అధ్యాయంలో ఉంది. ధనవంతుడు, లాజరు కథ. తెలుగు చర్చిల్లో పిల్లలతో స్కిట్‌గా వేయించడానికి అనువైన కథ కనుక చాలామందికి ఇది కంఠతా వచ్చు. ధనవంతుడు ఊదారంగు బట్టలూ సన్నని నారబట్టలూ కట్టుకుని రోజూ విందులు చేసుకుంటుంటాడు. అతని వాకిట్లో లాజరు ఒళ్లంతా కురుపులతో, బల్ల మీదనుంచి పడే రొట్టెముక్కల కోసం ఎదురుచూస్తూ పడి ఉంటాడు. కుక్కలొచ్చి ఆ కురుపులు నాకుతుంటాయి. ఇద్దరూ చనిపోతారు. ధనవంతుడు మంటల్లో పడతాడు. అతను తాగినట్టు గానీ, వ్యభిచరించినట్టు గానీ కథ ఒక్క మాట చెప్పదు. గుమ్మం ముందున్న మనిషిని చూసీ చూడనట్టు వదిలేశాడు, అంతే. బైబిల్లో ఇంత వివరంగా కనిపించే నరకవాసికి ఇరవయ్యో శతాబ్దం చివర కట్టిన ఈ నరకంలో చోటు దొరకలేదు. ఈ ప్రదర్శనల మీద వచ్చిన విమర్శల్లో ఎక్కువభాగం రక్తం గురించీ, మాంసం ముక్కల గురించీ. విశ్వాసులు అడగాల్సిన ప్రశ్న మాత్రం ధనవంతుడి గది ఎక్కడ అన్నదే.

గదుల ఎంపిక వల్ల జరిగే హాని ఇంకొకటుంది. పాపాన్ని చూపిస్తున్నామని చర్చి అనుకుంటుంది, చూసేవాళ్లకు కనిపించేది మనిషి. ట్రినిటీ చర్చి డాక్యుమెంటరీలో కనిపించే కథల్లో ఒక అమ్మాయి పార్టీకి వెళ్తుంది, డ్రింకులో మత్తుమందు కలుపుతారు, అత్యాచారం జరుగుతుంది. తట్టుకోలేక ఆమె ప్రాణం తీసుకుంటుంది. దయ్యాలు ఆమెను నరకానికి ఈడ్చుకెళ్తాయి. ఆ రాత్రి ఆ గదిలో నిలబడి చూస్తున్న పిల్లల్లో అలాంటిది నిజంగా జరిగిన అమ్మాయి ఒకరుంటే, ఆమె అక్కడినుంచి ఏం మోసుకెళ్తుంది? నేరం చేసినవాడు ఎవరో ఆమెకు తెలుసు, నరకానికి పోయింది మాత్రం తనలాంటి అమ్మాయి. ఆత్మహత్యను ఎలా చూపించాలి అన్న విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకు ఇచ్చిన సూచనలు స్పష్టంగా ఉన్నాయి. సంచలనంగా చూపించవద్దు, పద్ధతి చూపించవద్దు, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి అని. వద్దన్న మొదటి రెంటినీ హెల్ హౌస్ చేస్తుంది. మూడోదాని బదులు నరకం తలుపు తెరుస్తుంది.

గే యువకుడి గది కూడా అంతే. 1996 తర్వాత కొత్త మందుల కలయికతో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు అమెరికాలో ఏళ్ల తరబడి బతకడం మొదలైంది. ఆ తర్వాత కూడా గదిలో అతను చనిపోతూనే వచ్చాడు. యూత్ గ్రూప్‌తో కలిసి వ్యానులో వచ్చిన పిల్లల్లో, తన గురించి ఇంకా ఎవరికీ చెప్పుకోని కుర్రాడు ఒకడుంటే, అక్కడ చనిపోతున్నది తానేనని అతనికి అర్థమవుతుంది. పక్కన నిలబడ్డ స్నేహితులు, వెనక నిలబడ్డ పాస్టర్ అదే చూస్తున్నారనీ అర్థమవుతుంది. అతన్ని భయపెట్టే అసలు సన్నివేశం అది.

1999 అక్టోబరులో ట్రినిటీ చర్చి కొలంబైన్ హైస్కూల్ కాల్పుల్ని ఒక గదిలో ఆడించింది. ఏప్రిల్ 20న కొలరాడోలో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి విద్యార్థులనూ, ఒక టీచర్‌నూ చంపి ఆరు నెలలు గడిచిందంతే. దేశమంతా గొడవైంది. పిల్లల్ని కాపాడుకోవడానికే చూపిస్తున్నామన్నది ఇలాంటి ప్రదర్శనలు వేసేవాళ్ల వాదన. వాళ్ల మాటలో కపటం ఉందనుకోనక్కర్లేదు. నరకం నిజంగా ఉందని నమ్మే తల్లిదండ్రులు, కొడుకు అటు నడుస్తుంటే చేయి పట్టి లాగడానికి ఎంతకైనా తెగిస్తారు. 'అగ్నిలోనుండి లాగినట్టు' అన్న, బైబిల్లోని యూదా పత్రిక (యూదా రాసిన లేఖ) మాట వాళ్లకు అక్షరాలా వర్తించే మాట. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేస్తే ఈ విషయం అర్థం కాదు.

మరి భయపడితే మనుషులు మారతారా? దీనిమీద 70 ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. 1953లో ఇర్వింగ్ జానిస్, సేమోర్ ఫెష్‌బాక్ హైస్కూల్ పిల్లలకు పళ్ల శుభ్రత మీద మూడు రకాల పాఠాలు చెప్పించారు. కుళ్లిన చిగుళ్ల ఫొటోలతో హడలగొట్టిన పాఠానికి టెన్షన్ బాగా పెరిగింది, అలవాటు మాత్రం అందరికన్నా తక్కువ మారింది. భయం తక్కువగా వాడిన పాఠమే ఎక్కువ పనిచేసింది. ఆ తర్వాతి ప్రయోగాలన్నీ ఇదే చెప్పలేదు. వందకు పైగా పరిశోధనా పత్రాలను కలిపి 2015లో చేసిన విశ్లేషణలో భయం మొత్తం మీద పనిచేస్తుందనే తేలింది. భయంతో పాటు ఏం చేయాలో చెప్పి, అది చేయగలమన్న ధైర్యం కూడా ఇస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. 1965లో హోవర్డ్ లెవెంథాల్ బృందం యేల్ విద్యార్థులతో చేసిన టెటనస్ ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. ధనుర్వాతం గురించి భయపెట్టి ఊరుకుంటే సూది వేయించుకున్నది దాదాపు 3 శాతం. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో మ్యాప్ ఇచ్చి, ఏ రోజు ఏ టైముకు వెళ్తారో ఆలోచించుకోమన్నప్పుడు 28 శాతం వెళ్లారు. చాలామందికి ఆ కేంద్రం ఎక్కడుందో ముందే తెలుసు. అయినా మ్యాప్ తేడా తెచ్చింది.

ఈ లెక్కన హెల్ హౌస్ గదుల్లో కొన్ని పనిచేయవచ్చు. తాగి బండి నడపకు అన్న గదిలో భయమూ ఉంది, చేయగలిగిన పనీ ఉంది. తాళాలు స్నేహితుడికి ఇచ్చెయ్, అంతే. గే కుర్రాడి గదిలో అలాంటి పని ఏదీ లేదు. తనెవరో మార్చుకోమని చెప్పే మ్యాప్ ఎవరి దగ్గరా లేదు. అలా దారి లేని భయం మనిషిని రెండు వైపులా నెడుతుంది. ఒకటి, అంతా నాటకమని కొట్టిపారేయడం. రెండు, తనను తాను అసహ్యించుకోవడం. న్యూజెర్సీలోని రాహ్‌వే జైలులో 1970లలో యావజ్జీవ ఖైదీల చేత తుంటరి పిల్లల మీద అరిపించి, బెదిరించి దారిలో పెట్టాలని చూశారు. టీవీలో చూసినవాళ్లకు అద్భుతంగా అనిపించింది, ఎన్నోచోట్ల అనుకరించారు. తర్వాత అలాంటి కార్యక్రమాలను శాస్త్రీయంగా పరిశీలిస్తే, వెళ్లొచ్చిన పిల్లలు వెళ్లనివాళ్లకన్నా ఎక్కువగా నేరాల్లో చిక్కుకున్నట్టు తేలింది. ఆ రోజు జైల్లో వాళ్లు ఏడ్చిన ఏడుపు అబద్ధం కాదు. ఏడుపు ఒక సాయంత్రం సంగతి, నడవడిక ఏళ్ల సంగతి.

ప్రార్థన గదిలో లెక్కపెట్టే నిర్ణయాలు కూడా సాయంత్రం సంగతులే. పైగా హెల్ హౌస్‌కు వచ్చేవాళ్లలో పెద్ద భాగం వేరే చర్చిల యూత్ గ్రూపులు. కొత్తగా నమ్మినవాళ్ల కన్నా, చిన్నప్పుడే చేసిన ప్రార్థనను భయంతో మళ్లీ చేసేవాళ్లు అందులో ఎక్కువ. బయటివాళ్ల కోసం కట్టిన నరకం లోపలివాళ్లనే మళ్లీ మళ్లీ తడుతుంది.

అన్నిటికన్నా లోతుగా ముద్ర పడేది ఆడే పిల్లల మీద. ఆడిషన్లలో అబార్షన్ అమ్మాయి వేషానికి, ఆత్మహత్య అమ్మాయి వేషానికి పోటీ పడతారు. ఏడవడానికీ అరవడానికీ అవకాశమున్న పాత్రలు అవే. వారాల తరబడి సెట్లు కడతారు, మేకప్ నేర్చుకుంటారు, రాత్రికి ఎన్నోసార్లు అదే చావు చస్తారు. ఊళ్లో వేరే నాటక బృందం లేని కుర్రకారుకు ఇదే థియేటర్, ఇదే స్నేహం, తామూ ఒక గొప్ప పనిలో ఉన్నామన్న గర్వం. నమ్మకం గట్టిపడితే ముందుగా వీళ్లలోనే గట్టిపడుతుంది. 2006లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక నాటక బృందం రాబర్ట్స్ స్క్రిప్టునే తీసుకుని, వెక్కిరించకుండా, ఉన్నదున్నట్టు ఆడింది. అవే మాటలు, అవే గదులు. చూడటానికి వచ్చినవాళ్లు దాన్ని అమెరికాలో ఇంకో సమాజం గురించిన నాటకంగా చూశారు. స్క్రిప్టు మారలేదు గానీ, దాన్ని ముందే నమ్మి లోపలికొచ్చే జనం అక్కడ లేరు.

ధనవంతుడి కథ రెండో సగం కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మంటల్లోంచి అతను, చనిపోయాక లాజరు చేరిన పితామహుడు అబ్రాహామును ఒక కోరిక కోరతాడు. నాకు ఐదుగురు అన్నదమ్ములున్నారు, వాళ్లు కూడా ఈ యాతన స్థలానికి రాకుండా లాజరును పంపి హెచ్చరించు అని. చచ్చినవాడు లేచి వెళ్లి చెబితే భయపడి మారతారని అతని ఆశ. హెల్ హౌస్ చేసేది సరిగ్గా ఆ పనే. అబ్రాహాము ఒప్పుకోడు. మోషే, ప్రవక్తలు చెప్పింది విననివాళ్లు, చచ్చినవాడు లేచి వచ్చినా వినరంటాడు. మోషే, ప్రవక్తలు చెప్పినదాంట్లో కూలివాడి కూలి, విధవరాలి హక్కు, పరదేశి ఆకలి మళ్లీ మళ్లీ వస్తాయి.

కొందరు పాస్టర్లు వేరే దారి పట్టారు. 'జడ్జ్‌మెంట్ హౌస్' పేరుతో నడిచే ప్రదర్శనల్లో రక్తం తగ్గించి, ఒక కుటుంబం కథను మొదటినుంచి చివరిదాకా చెబుతారు. నరకం అక్కడా ఉంటుంది, కేకలు తక్కువ. ఇంకా చాలా చర్చిలు భయాన్ని పూర్తిగా పక్కనపెట్టి 'ట్రంక్ ఆర్ ట్రీట్' చేస్తున్నాయి. డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు హాలోవీన్ రోజుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. చర్చి పార్కింగ్ స్థలంలో కార్లు వరసగా నిలబెట్టి, డిక్కీలు తెరిచి, గుమ్మడికాయలూ రంగు కాగితాలూ కడతారు. ఏ మతం పిల్లలైనా రావచ్చు. ఒక్కో కారు దగ్గర ఆగి, సంచి చాపి, చాక్లెట్లు వేయించుకుని పక్క కారు దగ్గరికి పరిగెడతారు.